కడిగిన పాట

“చెత్త చప్పుడంతా తీసేశానమ్మా, విను!” అంటూ కొడుకు తల్లి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. ఆడియో పిచ్చోళ్లందరూ ఎగబడి చూసే, యూట్యూబులో పాఠాలు చెప్పే ఓ వీడియోలాయన మాట అతనికి వేదవాక్కు. ఆయన నేర్పినట్టే, పోయిన నాన్న పాటను కడిగిన ముత్యంలా చేశాడు.

“వెనకాల టకటకమని వినపడాలి కదరా?”

“ఆ చెత్తేనమ్మా తీసేసింది.”

“అది నా కుట్టుమిషనురా. దాన్నే తాళంగా పెట్టుకుని పాడేవారు మీ నాన్న. ఏదీ, పాతది పెట్టు.”

అతను ఫోన్ తీయబోయి ఆగిపోయాడు. అసలు రికార్డింగు దాచుకోమని ఆ వీడియోలాయన ప్రతిసారీ మొత్తుకుంటూనే ఉంటాడు. ఇతనేమో దాన్ని నిన్ననే చెరిపేశాడు.

కొడుకు ముఖం చూసి తల్లికి అర్థమైంది. “పోనీలే, బాగానే ఉంది,” అంటూ హెడ్‌ఫోన్లు తీసి అతని చేతిలో పెట్టింది.

“పాపం, ఒక్కరే పాడుకుంటున్నారు.”