కనిపించని అంకెలు

“ఎంత స్పీడుల పోతున్నవ్ నర్సన్నా?” వెనక సీట్లోంచి టీచరమ్మ అడిగింది.

వెంకటనర్సు మీటరు వంక చూశాడు. ఆ పాత కారు మీటరులో ముల్లు ఉండదు, అంకెలే వెలుగుతాయి. ఇప్పుడవి ఉన్నట్టే ఉన్నాయి, లేనట్టే ఉన్నాయి. బూడిద కప్పిన నిప్పులా ఎక్కడో లోపల మినుకుమంటున్నాయి.

“అరవై మేడం,” అన్నాడు.

అబద్ధం. నారాయణపేట నుంచి మహబూబ్‌నగర్‌కు ఇరవై ఏళ్లుగా కిరాయిలు నడుపుతున్న మనిషి, స్పీడు విషయంలో అబద్ధమాడటం అదే మొదటిసారి.

అతనికి నలభై తొమ్మిది. వాళ్ల బాపుకు సరిగ్గా ఆ వయసులోనే చూపు మందగించింది. దూరాన గుట్ట మీద మేకలు కనిపించేవి, మగ్గం మీద తెగిన పోగు కనిపించేది కాదు. ఎండ పూట మరీ కష్టమనీ, దీపం వెలుతురే నయమనీ అనేవాడు. దవాఖానలో నరాలు ఎండిపోయాయన్నారు, మందు లేదన్నారు. రెండేళ్లు తిరిగేసరికి గోడ పట్టుకుని నడిచాడు. తాతదీ అదే గతి.

వెంకటనర్సుకూ అచ్చం అట్లాగే మొదలైంది. రోడ్డు కనిపిస్తోంది, దూరాన బోర్డుల మీద అక్షరాలు కనిపిస్తున్నాయి. మీటరులో అంకెలు మాత్రం పగలు కనిపించవు, పొద్దుగూకితే కనిపిస్తాయి. భయపడటానికి ఇంకేం కావాలి?

అయినా ఆశ ఊరుకోదు కదా. తప్పు కళ్లది కాదు, కారుదేమోనని మెకానిక్ మెహమూద్ దగ్గరికి పోయాడు. లైట్లు మాడిపోయి ఉండాలని దారి పొడుగునా మొక్కుకున్నాడు.

వెంకటనర్సు ఎదుటి చాయ్ హోటల్లో కూర్చుని చూస్తుండగానే మెహమూద్ పని ముగించాడు. ముందద్దం కింద పరిచిన గళ్ల గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. మీటరు విప్పి, చూసి, బిగించాడు. చేతులు తుడుచుకుని, గుడ్డను మళ్లీ ముడత లేకుండా పరిచాడు. అది వెంకటనర్సు భార్య మంజుల మగ్గం మీద నేసింది. ఎండ తళుకు కళ్లలో కొడుతోందని మొగుడు ఒక్క మాట అన్నందుకు, గోపురాల వరసతో గుడి అంచు పెట్టి మరీ నేసింది. పేటలో ఏ మెకానికైనా అట్లాంటి గుడ్డకు నూనె చెయ్యి తగలనివ్వడు.

“లైట్లు ఫస్ట్‌క్లాస్ ఉన్నయ్ అన్నా. పెండ్లిపిల్ల లెక్క మెరుస్తున్నయ్,” నవ్వాడు మెహమూద్. “నీ కండ్లే జర సూపిచ్చుకో.”

వెంకటనర్సు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. అదే బూడిద.

దవాఖానకు పోలేదు. పోయి వినేదేముంది, బాపు విన్నదే కదా! ఇంట్లో ఎవరూ లేనప్పుడు కళ్లు మూసుకుని నడవడం మొదలుపెట్టాడు. మంచం నుంచి గడపకు ఎనిమిది అడుగులు. గడప నుంచి నీళ్ల కుండకు పదకొండు. రెండుసార్లు కుండకు తగిలి, మూడోసారి తగలకుండా నడిచినప్పుడు పాపం సంతోషించాడు కూడా.

బిడ్డ పూజ మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. తల్లి నోట సంగతి విని పరుగున వచ్చింది.

“ఒక్కపారి డాక్టర్‌కు సూపిద్దాం బాపూ.”

“తాతను తిప్పని దవాఖాన ఉందా బిడ్డా? ఏమొచ్చింది?”

“ఏడాదిన్నర ఆగు. నాకు నౌకరొస్తది. నిన్ను నేనే సూసుకుంట.”

“ఏడాదిన్నరకు నా కండ్లుండయ్. నీ పెండ్లి సూడనియ్యి. అటెంక పోతే పోనియ్యి.”

పూజ పుస్తకాలు సంచిలో కుక్కి అటక మీద పడేసింది. షోలాపూర్ సంబంధం కుదిరింది. కోడలికి చదువూ వద్దు, నౌకరీ వద్దన్నారు వాళ్లు. పెళ్లికొడుకు ఎట్లాంటివాడని అడిగే తీరిక ఈ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

పెళ్లిలో వెంకటనర్సు రెప్ప వేయలేదు. బిడ్డ బుగ్గన చుక్క, తలంబ్రాల్లో ఇరుక్కున్న ఒక మల్లెరేకు, చెంప మీద ఆగిన నీటిబొట్టు, అన్నీ కళ్లనిండా దాచుకున్నాడు. బతికినంత కాలం చీకట్లో తలుచుకోవడానికి అవి చాలనుకున్నాడు.

పూజ బస్సెక్కిన మూడో రోజు, మిట్టమధ్యాహ్నం, మక్తల్ నరహరి కారు కొనడానికి వచ్చాడు. అతను ఇదే రకం కారు పదేళ్లు నడిపినవాడు. సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. మీటరు వంక చూసి చిన్నగా నవ్వి, గళ్ల గుడ్డను లాగి మంజుల చేతికిచ్చాడు. గుడ్డ తీసిన చోట, అద్దం మూలన, మినపగింజంత నల్లటి గాజుపూస ఒకటి ఉంది.

కిటికీలోంచి వంగి చూస్తున్న వెంకటనర్సు మీటరులో అంకెలు ఒక్కొక్కటే చదివాడు. ఒక లక్షా నలభై మూడు వేల రెండు వందల ఏడు. మళ్లీ చదివాడు.

“గిది కారు కన్ను వదినా,” గాజుపూస మీద వేలు పెట్టి మంజులకు చెప్పాడు నరహరి, “దీనిమీద గుడ్డ కప్పితే పట్టపగలు గూడ చీకటైందనుకొని మీటరు లైట్లు అదే తగ్గిచ్చుకుంటది.”