మళ్లీ అదే మట్టి

“సరిపోదంటే ఏంటండీ, సరిపోదంటే?” నయేలీ కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగింది. “మా కాలేజీలో మట్టి క్లాసు పూర్తిగా చదివాను. ‘ఎ’ వచ్చింది.”

వేరే కాలేజీల నుంచి మారి వచ్చేవాళ్ల కోసం ఉన్న యూనివర్సిటీ ట్రాన్స్‌ఫర్ల ఆఫీసులో కూర్చునే ప్రిసిల్లా కంప్యూటరు మీంచి చూపు తిప్పలేదు. “వచ్చింది తల్లీ, ఎవరు కాదన్నారు? కానీ అది రెండేళ్ల కాలేజీ మట్టి. ఇది నాలుగేళ్ల యూనివర్సిటీ.”

“రెండింటికీ మధ్య ఉన్నవి బాదం తోటలేగా! ఆ మాత్రం దూరానికి మట్టి మారిపోతుందా?”

“మట్టి చదివినదానివి, నువ్వే చెప్పాలి.”

నయేలీకి ఒళ్లు మండింది. వేసవి అంతా ఈ కౌంటరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఆ ఒక్క క్లాసూ లెక్కలోకి రాకపోతే దాని తర్వాత చదవాల్సిన ఎరువులూ, నీటిపారుదలా, పంటలూ, ఏ క్లాసులోనూ చేరనివ్వరు. రెండేళ్లలో చేతికి రావాల్సిన డిగ్రీ మూడేళ్లకి పోతుంది. ‘రెండేళ్లేగా, ఎలాగో లాగేస్తాలే’ అంటూ ఎండుద్రాక్ష ప్యాకింగ్ షెడ్డులో రెండో షిఫ్టుకి కూడా ఒప్పుకున్న తల్లికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

“పోనీ, సరిపోదన్నది ఎవరో చెప్పండి. వెళ్లి గడ్డం పట్టుకు బతిమాలుకుంటాను.”

“ఇక్కడ ఆ క్లాసు ఎవరు చెప్తే వాళ్లకి నీ కాగితాలు పంపుతుంది డిపార్టుమెంటు. వాళ్ల మాటే ఆఖరు. మాకు వచ్చేది ఒక్క ముక్క, సరిపోతుందనో సరిపోదనో. పేర్లు రావు.”

“మా బెద్రోసియన్ సారుకన్నా ఎక్కువ తెలుసా ఆ మహానుభావుడికి?”

“మీ సారెవరో నాకేం తెలుసమ్మా? ఇక్కడి క్లాసుకి మళ్లీ ఫీజు కట్టు, గొడవ వదిలిపోతుంది. ఆ, తర్వాత ఎవరు?”

బయట పికప్ ట్రక్కులో కూర్చుని బరీటో చుట్ట తింటున్న చూయ్, చెల్లెలి మొహం చూడగానే సంగతి గ్రహించాడు. చూయ్ ఆమె పెదనాన్న కొడుకు.

“మళ్లీ గోడకే చెప్పొచ్చావా?”

“గోడే నయం అన్నా, ఎదురు మాట్లాడదు.” తలుపు ధడేలున వేసింది.

“మీ సారుని ఒక ముక్క రాయమని అడగలేకపోయావా?”

“మూడు మెయిళ్లు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. పాపం, కారు డిక్కీలో ఆ మట్టి సీసాలేసుకుని ఏ ఊళ్లో క్లాసులు చెప్పుకుంటూ తిరుగుతున్నాడో. ఎక్కడా సొంత గది కూడా లేదు మనిషికి.”

“పాపమట! ఆయన కోసం నన్ను కాలరు పట్టుకుని క్యాంటీన్ నుంచి లాక్కెళ్లావు. పుట్టినప్పట్నించీ పొలంలోనే పొర్లుతున్నానే, మళ్లీ ఫీజు కట్టి మట్టి చదవాలా అని మొత్తుకుంటే విన్నావా?”

“ఇరవై మంది లేకపోతే క్లాసు ఎత్తేస్తారన్నా. ఎత్తేస్తే ఆయనకి జీతం లేదు. మొదటి రోజు వేలితో తలలు లెక్కపెట్టుకుని, ఒకటి తక్కువైందని ఎలా డీలా పడిపోయాడో నువ్వు చూళ్లేదు.”

“సరే, ఆయనకి జీతం వచ్చింది. నాకు ‘సి’ వచ్చింది. నీకేం వచ్చింది చెప్పు?”

నయేలీకి ఏడుపు వచ్చింది గానీ, అన్న ముందు ఏడవటం ఇష్టంలేక కిటికీ వైపు తిరిగింది.

చివరికి చచ్చినట్టు అదే క్లాసుకి మళ్లీ ఫీజు కట్టింది. మొదటి రోజు టోపీ కళ్ల మీదికి లాక్కుని ఆఖరి బెంచీలో కూర్చుంది. వచ్చేవాడెవడైనా సరే, అందరి ముందూ లేచి, నా మట్టికి ఏం రోగమొచ్చిందని అడిగి తీరాలనుకుంది. గదిలో అక్కడక్కడా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

“ఇక్కడ కూడా ఇరవై మంది కావాలట, లేకపోతే క్లాసు ఉండదట,” అని ముందు బెంచీలో కుర్రాడు పక్కవాడికి చెప్తున్నాడు. నయేలీ టోపీ పైకి నెట్టి ఖాళీ కుర్చీల వైపు చూసింది. ఇదీ పోతే ఇంకో ఏడాది దండగ.

అంతలో తలుపు తోసుకుని ఒక తోపుడు బండి లోపలికి వచ్చింది. దాని మీద మట్టీ నీళ్లూ కలిపిన గాజు సీసాలు గలగలలాడుతున్నాయి. వెనకే దాన్ని నెట్టుకుంటూ ఒక మనిషి. మోచేతుల దగ్గర వెలిసిపోయిన అదే కోటు, జేబులోంచి తొంగిచూస్తున్న అదే లవాష్ రొట్టె చుట్ట.

“బెద్రోసియన్ సార్!” నయేలీ ఎగిరి లేచింది. కోపమంతా ఎటు పోయిందో, కళ్లలో నీళ్లు తిరిగాయి. “మీరిక్కడ కూడా చెప్తారా? బతికిపోయాను సార్! మీ క్లాసు పనికిరాదన్నాడు సార్ ఇక్కడెవడో. మీరు చెప్పిన క్లాసు! రండి సార్, ఇద్దరం వెళ్లి వాణ్ణి కడిగేద్దాం.”

ఆయన ఆమె మొహం చూడలేదు. బండి ఒక పక్కకి నెట్టి, చూపుడువేలు చాచి ముందు బెంచీ నుంచి తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. పెదవులు కదులుతున్నాయి. వేలు ఒక్కో వరసా దాటి, ఆఖరి బెంచీలో నిలబడి ఉన్న నయేలీ దగ్గర ఆగింది.

“ఇరవై,” అన్నాడు ఊపిరి వదులుతూ. తర్వాత నేల చూపులు చూస్తూ గొంతు తగ్గించాడు. “కూర్చో తల్లీ. సరిపోదన్నది నేనే.”