మడిచిన రొట్టె

"మడిచింది సాండ్‌విచ్ కాదు బిడ్డా. రెండు ముక్కలుండాలె," అంది లిడియా, మడిచిన జొన్నరొట్టె ఆఖరి తునక నములుతూనే.

సిద్దిపేట బడిలో సాండ్‌విచ్ పోటీకి ఆమే న్యాయనిర్ణేత. ఎదురుగా నిలబడ్డ సింధుజ, ఒకప్పుడు లిడియాకు చదువు చెప్పిన ఉషా టీచర్ కూతురు. పదిహేనేళ్ల కిందట ఇదే హాలులో, వెల్లుల్లి కారం పెట్టి లిడియా మడిచి తెచ్చిన జొన్నరొట్టెను ఉష మొత్తం తినేసి, ఇదే మాట అని, సున్నా వేసింది. పిల్లలంతా పగలబడి నవ్వారు. ఆ మాటను లిడియా పొల్లుపోకుండా దాచుకుంది.

"గీ జొన్నరొట్టె ఎవరు నేర్పిన్రు?"

"మా అమ్మ. ఇంట్ల ఎప్పుడు గిదే చేస్తది మేడం."

లిడియా పళ్లు పటపట కొరికింది. కాగితం మీద సున్నా చుట్టింది, తీరిగ్గా, గుండ్రంగా. కడుపు చల్లబడినట్లయింది.

సింధుజ ఖాళీ పళ్లెం వైపు చూసింది. "సాండ్‌విచే కాకుంటే, మొత్తం ఎట్ల తిన్నరు మేడం?"

ఆనాడు తాను అడగలేక, ఏడుస్తూ ఇంటికి మోసుకుపోయిన ప్రశ్న అది.

"గా ముచ్చట మీ అమ్మను అడుగు," అంది లిడియా.

ముందు వరుసలో ఉష తల దించుకుంది. సింధుజ మాత్రం అటు చూడలేదు. తడి నిండిన ఆ కళ్లు లిడియా మీదే ఉన్నాయి.