నీళ్ళు అచ్చిరాని మనిషి

మోకాలి లోతు నీళ్ళలో ముసలాయన కాలు జారి పడ్డాడు.

ఒడ్డున రాతి మీద కూర్చున్న వోంగానీ చెప్పులు కూడా విప్పకుండా దిగి, రెక్క పట్టుకుని లేపాడు.

ముసలాయన దగ్గి, ముఖం తుడుచుకున్నాడు. పేరు యోసెఫె లొంగ్వే అన్నాడు. కొండ అవతలి పల్లె నుంచి ఛాతీ మందుల కోసం ఈ సరస్సు ఒడ్డు న్‌ఖాటా రేవుకు వచ్చాడట. తిరుగు పడవ సాయంత్రం గాని లేదట.

"నీకు ఈత వచ్చా నాయనా?"

"వచ్చు తాతా."

"నాకు నేర్పుతావా?"

వోంగానీకి నవ్వొచ్చింది. ఈ వయసులో ఎందుకని అడిగాడు.

"నీకు తీరికే కదా," అన్నాడు ముసలాయన. "వచ్చినప్పుడల్లా చూస్తున్నా. ఈ రాయి మీదే ఉంటావు."

ఆ మాట గుచ్చుకుంది.

వోంగానీ ఉద్యోగం కొండ మీద అద్దాల గదిలో. సరస్సు నీటిమట్టాన్ని యంత్రమే కొలుస్తుంది, యంత్రమే రాజధానికి పంపుతుంది. పంపిందని చూసి రోజుకోసారి ఒక మీట నొక్కడమే అతని పని. రేవులో ఎవరికీ లేనంత జీతం.

పని చెప్పకుండా జీతమిచ్చేవాళ్ళు దొరకడం వరమేనని భార్య తెంవా అనేది. కుర్చీ అరిగిపోతుందేమో జాగ్రత్త అని బావమరుదులు ఎగతాళి చేసేవాళ్ళు. అతనూ నవ్వేవాడు.

కానీ అద్దంలోంచి ఆ నీలాన్ని చూస్తూ కూర్చుంటే తానూ ఆవిరైపోతున్నట్టు, రోజుకింత తగ్గిపోతున్నట్టు ఉండేది. ఆ తగ్గుదలను కొలిచే యంత్రం ఎక్కడా లేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు నీళ్ళలో గడిచాయి. ముసలాయన రేవులోనే చెల్లెలి ఇంట్లో దిగాడు.

ఇసుక మీద వెలుతురు వలలా కదిలేది. నీలి చేపపిల్లలు ఇద్దరి కాళ్ళ మధ్య నుంచి దూరిపోయేవి. చెవులు నీళ్ళలో మునిగితే రేవు సందడంతా ఎక్కడో, ఎప్పుడో జరుగుతున్నట్టు వినిపించేది.

ముసలాయన మాత్రం రాయిలా మునిగేవాడు. పైకి లేచి ప్రశ్నలు వేసేవాడు. ఊపిరి ఎప్పుడు తీయాలి? చెయ్యి ముందా, కాలు ముందా? భయపడ్డవాణ్ణి ఎక్కడ పట్టుకోవాలి?

వోంగానీ ఇవెప్పుడూ ఆలోచించలేదు. తనకు ఈత నడకలాగే వచ్చింది. అద్దాల గదిలో కూర్చుని చేతులు గాల్లో ఆడిస్తూ జవాబులు వెతికేవాడు. మీట నొక్కడం ఒకటి రెండుసార్లు మరిచిపోయాడు. ఎవరూ అడగలేదు.

చేపలమ్మే ఆడవాళ్ళు గట్టు మీద బుట్టలు దించి చూసేవాళ్ళు. వాళ్ళలో న్యాచిర్వా నోరున్న మనిషి.

"ముసలాయనకు నేర్పే కన్నా రోకలికి నేర్పడం నయం," అంది. "మాకు నేర్పరాదూ? రోజూ పడవెక్కి చస్తూ బతుకుతున్నాం."

మరునాడు నడుముకు చుట్టుకున్న చితెంజె గుడ్డ మోకాళ్ళపైకి బిగించి ఆమే ముందు దిగింది. తర్వాత ఇంకొందరు. ముసలాయన అడిగిన ప్రశ్నలే వాళ్ళూ అడిగారు. జవాబులు వోంగానీ నాలుక చివరే ఉన్నాయి.

కొద్ది వారాల్లో వాళ్ళు తేలారు. ముసలాయన ఇంకా మునుగుతూనే ఉన్నాడు. ఒక్కణ్ణి పట్టుకుని ఉంటే పదిమంది ఆగిపోతున్నారు. ఓ రోజు వోంగానీకి విసుగొచ్చింది.

"తాతా, నీకు నీళ్ళు అచ్చిరావు. ఒడ్డున కూర్చుని చూడు."

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు.

ముసలాయన నీళ్ళు కారుతూ నిలబడి, అందరి వంకా ఒకసారి చూశాడు.

"అలాగే నాయనా. ఇక నా అవసరం లేదులే," అన్నాడు.

ముసలాయన పొరపాటున 'నీ అవసరం' అనబోయి 'నా అవసరం' అన్నాడనుకున్నాడు వోంగానీ. ఆ తర్వాత కొన్నాళ్ళు ముసలాయన గట్టు మీద నీడన కూర్చున్నాడు. ఆ తర్వాత కనిపించలేదు.

ఉద్యోగ ఒప్పందం కొత్తగా రాసుకునే రోజు వస్తే వోంగానీ సంతకం పెట్టలేదు. పడవల సంఘం వాళ్ళు ఈత నేర్పడానికి కొద్దిపాటి జీతం ఇస్తామన్నారు. తెంవా రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు గుడ్డ బిగించి తనూ నీళ్ళలోకి వచ్చింది.

మ్వేరా గాలి మొదలయ్యాక, దక్షిణం నుంచి అలలు లేచిన ఓ ఉదయం న్యాచిర్వా ఎక్కిన పడవ ఒరిగిపోయింది. పడవలోని ఆడవాళ్ళంతా ఈదుకుంటూ వచ్చారు. న్యాచిర్వా ఒడ్డున బోర్లా పడి, ఇసుకను గుప్పిట పట్టుకుంది.

ఈ సంగతి ముసలాయనకు చెప్పాలనిపించింది. వోంగానీ పడవెక్కి కొండ అవతలికి వెళ్ళాడు.

ఆ ఇంటి ముందు మగవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. ముసలాయనను పూడ్చి వారం అయింది. ఛాతీలో జబ్బు ముదిరిందట. చల్లటి నీళ్ళ జోలికి పోవద్దని డాక్టర్లు ఎప్పుడో చెప్పారట.

ముసలాయన తమ్ముడి పక్కన కూర్చున్న వోంగానీ, కర్రపెండలం ముద్ద ముందు పెట్టినా ముట్టుకోలేకపోయాడు.

"ఈత నేర్పమని నన్ను అడిగాడు," అన్నాడు చివరికి. "ఆయనకు రాలేదు. అందరి ముందూ నీళ్ళు అచ్చిరావని గట్టుకు పంపేశాను."

తమ్ముడు అతని వైపు తిరిగాడు.

"అలా అడిగాడా," అన్నాడు మెల్లగా. "నాకూ, ఈ చాపల మీద కూర్చున్న వాళ్ళందరికీ ఈత నేర్పింది మా అన్నే."