మూడో దెబ్బ

ఊళ్లో ప్రతి పెరటి చెట్టుకీ ఇప్పుడు మొలతాడులా ఓ వినికిడి పట్టీ ఉంది. మానులో పుచ్చెంతో, గాలివానకి ఏది కూలుతుందో అదే చెబుతుంది. దానికా విద్య నేర్పింది గవిరినాయుడే. చెక్కసుత్తితో వేల చెట్లని తట్టి, మోతని బట్టి పుచ్చు పట్టడం చూపించాడు. మొదటి పాఠం తన పెరట్లో పనసచెట్టు మీదే.

ఆ పనస పట్టీకే ఈ ఉదయం, కూలుతుందంటూ ఎర్రదీపం వెలిగింది. కొమ్మలు పక్కింటి బాలింత గది మీదికి వాలాయి. కొట్టేయడానికి రంపంతో వచ్చింది అతని శిష్యురాలు సుగుణే.

"రోజూ చూస్తున్నానమ్మా! గట్టిగా ఉందనే పుస్తకంలో రాశాను," అన్నాడు గవిరినాయుడు.

"పట్టీ చెట్టునే కాదు మాస్టారూ, మీ చేతినీ వింటుంది. మంచి చెట్టుని మీరు రెండు దెబ్బలతో వదిలేస్తారు. అనుమానమొస్తేనే మూడోది. దీన్ని ఏడాదిగా రోజూ మూడు కొడుతున్నారు."

గవిరినాయుడు పట్టీకేసి ఉరిమి చూశాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే!"

సుత్తి అందుకుని మానుని కొట్టాడు. ఒకటి. రెండు.

"చూశావా, రెండే! చాలు," అన్నాడు.

అంటూండగానే చెయ్యి దానంతటదే మళ్లీ పైకి లేచింది.