జేగంట దొంగ

అందరూ కళ్లు మూసుకున్నాక వంకలోకి ఒక ముసలాయన దిగాడు.

మోకాళ్ల పైకి కట్టిన పంచె, తలకు తువ్వాలు. వడమాలపేట దాటాక కొండ కింద హరినాథ్ కట్టిన విడిదికి అలాంటివాళ్లు రారు. వచ్చినా గేటు దగ్గరే ఆగిపోతారు.

హరినాథ్‌కు తిరుపతిలో లాడ్జీలున్నాయి. గదిలో నిద్ర అమ్మితే ఏం మిగులుతుంది, కొండ కింద నిశ్శబ్దం అమ్మితే ఏం మిగులుతుంది అని లెక్క చూసుకుని ఈ వ్యాపారంలోకి దిగాడు. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి వచ్చిన గుంపు ఇదే మొదటిది. వీళ్లు సంతోషంగా వెళ్తేనే రెండో గుంపు వస్తుంది.

వంక మధ్యలో వెడల్పాటి బండ. దానికి అటూ ఇటూ పాదాలు తడిసేపాటి నీళ్లు. తుపాను పోయి ఇక్కడ ఎండ కాస్తోంది. కొండ నెత్తిన మాత్రం మబ్బు కదల్లేదు.

బండ మీద చాపలేసుకుని అతిథులు పడుకున్నారు. నిన్నటి నుంచి వాళ్లది మౌనదీక్ష. యోగా అయిపోయింది, ఇప్పుడు నాదచికిత్స. గురువు రూపేష్ కంచు గిన్నెల అంచుల వెంబడి కర్ర తిప్పుతున్నాడు. అతని పక్కన కొయ్య చట్రానికి పళ్లెం లాంటి పెద్ద జేగంట వేలాడుతోంది.

ముసలాయన బండ ఎక్కి, అందిన ఒకామె భుజం పట్టి కుదిపాడు.

ఆమె కెవ్వుమని లేచి కూర్చుంది.

ఒడ్డున ఉన్న హరినాథ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్! ఎవురు నువ్వు? గేటు దాటి ఎట్లొచ్చినావ్?"

గొంతు తగ్గించాడు గానీ కోపం తగ్గించలేదు.

ముసలాయన కుడిచెయ్యెత్తి కొండ నెత్తిని చూపించాడు. ఆ చెయ్యిని అక్కణ్నుంచి కిందికి లాగి, బండ ఈ కొస నుంచి ఆ కొసదాకా ఊపాడు.

హరినాథ్‌కు ఒళ్లు మండింది. వంక పోరంబోకులో నీ చాపలేందని ఊరివాళ్లు అంతకుముందే తగాదాకు వచ్చి ఉన్నారు.

"ఓహో! కొండ కాడి నుంచి ఈడిదాకా నీదేనా? మీ తాత రాసిచ్చిపోయినాడా?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అదే సైగ చేశాడు, ఈసారి మరింత తొందరగా.

"వాటా కావాల్నా? అయితే నోరు తెరిచి అడుగు."

తెరవలేదు.

"మౌనం దుడ్లిచ్చినోళ్లకప్పా. నీకెందుకు?"

పడుకున్నవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వి, దీక్ష గుర్తొచ్చి నోరు మూసుకున్నారు.

"హరినాథ్ గారూ, నాదం తెగిపోతోంది. ముందు ఆయన్ని పంపించేయండి" అన్నాడు రూపేష్.

ముసలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చటుక్కున గంట కొట్టే లావుపాటి కర్ర అందుకుని జేగంటను బాదాడు. ఆపకుండా బాదాడు. కొండంతా మోగింది.

అతిథులు కళ్లు తెరిచారు. ఇదీ చికిత్సలో భాగమే అనుకుని కొందరు మళ్లీ మూసుకున్నారు.

ఒక్కరూ లేవలేదు.

ముసలాయన జేగంటను చట్రం నుంచి ఊడబెరికి భుజానికెత్తుకున్నాడు. కర్ర చంకలో పెట్టుకుని ఒడ్డు మీదికి పరుగు తీశాడు.

"దొంగ! దొంగ! పట్టుకోండ్రా!"

మౌనదీక్ష అక్కడితో సరి. అరుచుకుంటూ అందరూ లేచారు. చెప్పులు కూడా వేసుకోకుండా గట్టెక్కారు. గురువే అందరికన్నా ముందున్నాడు.

గట్టు పైన, గదుల దగ్గర, ముసలాయన తనంతట తానే ఆగి జేగంటను కింద పెట్టాడు. హరినాథ్ అది చూడలేదు. ముసలాయన చంకలోని కర్ర లాక్కున్నాడు.

"ఈ చెయ్యే కదరా నా వస్తువు మీద వేసింది!"

మణికట్టు మీద కొట్టాడు. ఎముక పటుక్కుమంది.

ముసలాయన నోరు తెరిచాడు. అరుపు రాలేదు.

"సూడండి సార్, పొగరు! దెబ్బ తిని కూడా మాట్లాడడే!"

రెండో దెబ్బకు కర్ర ఎత్తాడు.

అప్పుడు కింద నుంచి మోత వినిపించింది.

మోగింది అదేనేమోనని రూపేష్ జేగంట వైపు చూశాడు. అది బోర్లా పడి ఉంది.

వంకలో ఎర్రనీళ్లు గోడలా వచ్చాయి. చెట్ల మొద్దులు దొర్లుకుంటూ వచ్చాయి. బండ కనిపించలేదు. చాపల్లేవు, గిన్నెల్లేవు.

హరినాథ్ అతిథుల తలలు లెక్కపెట్టాడు. తక్కువ పడలేదు.

కొండ దారిలో మేకల్ని వదిలేసి ఒకామె పరుగెత్తుకొచ్చింది. "నాయనా!" అని ముసలాయన్ను పట్టుకుంది. ఆమె లోకేశ్వరి, ఆయన కూతురు.

"కొండ మీద మడుగు పొంగతాంటే సూసి, నన్ను మేకల కాడ పెట్టి ఈయన దిగినాడు సామీ. అందురూ గట్టెక్కినారా?"

"ఎక్కినారు" అన్నాడు హరినాథ్. సిగ్గు ముంచుకొచ్చి, అదీ కోపంగానే బయటపడింది. "నీళ్లొస్తాండాయని ఒక్క మాట సెప్తే పోలా? గంటెత్తుకొని పరిగెత్తాల్నా?"

"కొట్టినాడు గదా గంట. పైకి ఇనపడింది. మా ఊర్లో పళ్లెం అట్ల మోగితే పసిబిడ్డల్ని కూడా ఎత్తుకొని గట్టెక్కుతారు. మీరు లేసినారా?"

అతిథులు చెప్పుల్లేని తమ కాళ్ల వైపు చూసుకున్నారు.

"వస్తువు పోతాదంటే గదా లేసినారు!"

ముసలాయన కూతురికి ఏదో చెప్పాలని కుడిచెయ్యి ఎత్తబోయాడు. అది సగంలోనే వాలిపోయింది.

లోకేశ్వరి ఆ చెయ్యి చూసింది. హరినాథ్ పిడికిట్లో ఇంకా ఉన్న కర్ర చూసింది.

"అడగతానే ఉండానమ్మా," అన్నాడు హరినాథ్, "ఒక్కసారన్నా నోరు తెరిచినాడా?"

ఆమె తండ్రి తలకున్న తువ్వాలు విప్పి, ఆ చేతికి కట్టుగా చుడుతూ, తల ఎత్తకుండా అంది:

"పుట్టుమూగ సామీ మా నాయన, నువ్విరగ్గొట్టిన ఈ చెయ్యే ఆయనకు నోరు."