చావడం బాగా వచ్చిన మనిషి కావలెను

“నువ్వు ఊరెళ్తే ఇక్కడ రోజూ చచ్చేదెవరు?” అంది మేడమ్.

పనిమనిషి పాపాయమ్మ సెలవు అడిగింది మరి. కాకినాడలో కూతురికి నెలలు నిండాయి. తొలి కాన్పు. ఫోన్ చేసినప్పుడల్లా “అమ్మా, బయల్దేరావా?” అనే అడుగుతోంది.

అడ్డమల్లా ఈ అరబ్బు దేశంలో, అమ్వాజ్‌లోని ఆ ఇంటి హీరోగారే. సాయంత్రం టీవీలో జపాను వీరుడి సీరియల్ అరబ్బీ మాటలతో వస్తుంది. ఎర్ర ముసుగు వీరుడు రబ్బరు రాక్షసుణ్ణి నరికేస్తాడు. అది అయిపోగానే హీరోగారు తానూ ఎర్ర ముసుగు తగిలించుకుని ప్లాస్టిక్ కత్తి దూస్తారు. రాక్షసి పాపాయమ్మే. ఆమె చస్తే గానీ హీరోగారు పాలు తాగరు, మెత్తగా కలిపిన అన్నం ముట్టరు. కత్తితో సోఫా ఎక్కబోతే మేడమ్ గుండె గుభేలుమంటుంది. ఇక చాక్లెట్లు కంటపడకుండా దాచడం ఇంకో పెద్ద పని.

పోయిన వారం డ్రైవర్ వెంకటరాజు చచ్చి చూశాడు. చస్తూ చస్తూ నవ్వాడు! హీరోగారు అలిగి ఆ పూటంతా పస్తు.

“ముందు హీరోని ఒప్పించుకో. సెలవు కాగితం మీద నీకు వీసా ఇచ్చిన కఫీల్ సంతకం అయిపోయినట్టే” అని మేడమ్ తేల్చేసింది.

పాపాయమ్మ మహూజ్‌లో ఓ ఇంట్లో పనిచేసే చిట్టిని తన బదులుకి పట్టుకొచ్చింది. వంటింట్లో శిక్షణ మొదలైంది.

“ఒక్క దెబ్బకే కూలబడిపోతావేంటే! ముందు తూలు. ఆ ఫ్రిజ్ పట్టుకో. అప్పుడు అరువు.”

“సిగ్గేత్తంది పిన్నీ.”

“చచ్చేదానికి సిగ్గేంటే, నీ మొహం! నా పిల్ల అక్కడ ఎదురు చూత్తంటే నేనిక్కడ చత్తా కూర్చోవాలా?”

సాయంత్రం పరీక్ష. కత్తి తగలగానే చిట్టి తూలింది. కుర్చీ పట్టుకుంది. “అమ్మో!” అని కేక పెట్టి, తివాచీ మీద గిలగిలా కొట్టుకుని, నాలుక బయటపెట్టి చచ్చింది. చచ్చాక కూడా ఓ కాలు ఆడించింది. పాపాయమ్మ ఉన్న దేవుళ్ళందరికీ మొక్కేసుకుంది.

హీరోగారు మెల్లగా వంగి చూశారు. కత్తితో పొడిచి చూశారు. చిట్టి కదల్లేదు.

“ఖలాస్!” అని చప్పట్లు కొట్టారు.

మేడమ్ పరుగున వెళ్ళి సెలవు కాగితం తెచ్చింది.

హీరోగారు ఎర్ర ముసుగు తీసి, పెట్టుడు పళ్ళు సర్దుకుని, కళ్ళజోడు తగిలించుకుని, ‘కఫీల్’ అని ఉన్న చోట సంతకం పెట్టారు.